గిట్ పిలిస్తే పలకని ఎడిటర్



పోయిన వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. గొంతు వణుకుతోంది. “బాబాయ్, రెండు రోజులు కూర్చుని సరిచేసిన ప్రోగ్రాం కమిట్ చేయబోతే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. నా ఫైళ్లన్నీ పోయాయా?” అంది.

“ఏమీ ముట్టుకోకమ్మా. తెర మీద ఉన్నది ఉన్నట్టు మొదటి అక్షరం నుంచి చదువు” అన్నాను.

చదివింది. మూడే వరుసలు. ఎడిటర్‌ని నడపలేకపోతున్నాను, అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు, అని మొదటి వరుస. ‘ఎడిటర్’ అనే ఎడిటర్ మొదలవలేదు, అని రెండోది. మీ మెసేజ్‌ని హైఫన్ ఎమ్‌తో గానీ హైఫన్ ఎఫ్‌తో గానీ దయచేసి ఇవ్వండి, అని మూడోది.

“లేదంటున్నది నీ ఫైలుని కాదు, ఎడిటర్‌ని. నువ్వు మెసేజ్ రాయడానికి గిట్ ఒక ఎడిటర్‌ని పిలిచింది. ఆ మెషీన్లో ఆ పేరుతో ప్రోగ్రాం లేదు. నీ పని నీ దగ్గరే భద్రంగా ఉంది” అన్నాను. అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

ఈ నిట్టూర్పు నేను చాలామంది నోట విన్నాను. కంప్యూటర్ చదువుకున్న పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ ఒక్క చోట గాభరా పడతారు. కాలేజీలో జావా చెబుతాం, పైథాన్ చెబుతాం. గిట్ కమిట్ అని కొట్టగానే లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఈ పది పదిహేను నిమిషాలు దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

ప్రోగ్రాములతో పరిచయం లేనివాళ్ల కోసం ముందుగా ఒక మాట. కిరాణా కొట్టు చిట్టా గుర్తు తెచ్చుకోండి. ఫలానా రోజు 350 రూపాయలు ఖర్చు అని రాసి, ఎందుకో రాయకపోతే ఏడాది చివర లెక్క చూసేవాడు తల పట్టుకోవాలి. అంకె పక్కన ‘గోతాలకు’ అని ఒక్క ముక్క ఉంటే చాలు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు గిట్ అలాంటి చిట్టా. మార్పుని ఆ చిట్టాకెక్కించడమే కమిట్. ఏ ఫైల్లో ఏ వరుస ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో అదే పట్టుకుంటుంది. ఎందుకు మార్చారో దానికి తెలిసే దారి లేదు. అది మనిషి చెప్పాలి. చెప్పడానికి రాసేదే కమిట్ మెసేజ్.

గిట్‌ని 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు, లైనక్స్ కెర్నెల్ కోసం. అంతకుముందు వాళ్లు వాడుతున్న బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోయింది. అందుకని సొంతంగా ఒకటి తయారు చేసుకున్నారు. కెర్నెల్‌కి మార్పు పంపేవాళ్లు అది ఎందుకు అవసరమైందో వివరంగా రాయడం అక్కడి ఆచారం. ఒక్కోసారి మార్పు ఒక వరుస, దాని వివరణ రెండు పేరాలు. అలాంటి చోట పుట్టిన పనిముట్టు కనుక, వట్టి గిట్ కమిట్ అని కొడితే ‘ఏం రాస్తారో తీరిగ్గా రాయండి’ అని ఎడిటర్ తెరుస్తుంది. ఆ మర్యాద నాకు చాలా ఇష్టం.

అయితే గిట్‌కి సొంత ఎడిటర్ లేదు. అది ఏం చేస్తుందంటే, మన ప్రాజెక్టులో డాట్ గిట్ అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది కదా, అందులో కమిట్ ఎడిట్‌మెసేజ్ అనే ఫైలుని సిద్ధం చేస్తుంది. ఇంకో ప్రోగ్రాంని పిలిచి, ఈ ఫైలు తెరిచి చూపించు అంటుంది. ఆ ప్రోగ్రాం మూసేదాకా ఎదురుచూస్తుంది. మూశాక, సవ్యంగా ముగిసిందా అని చూస్తుంది. ఆ తరవాత ఫైల్లో ఏముందో చదువుకుని, హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలు తీసేసి, మిగిలినదాన్ని మెసేజ్‌గా తీసుకుంటుంది. ఎడిటర్ పేరు చెప్పుకుని వచ్చే తంటాలన్నీ ఈ పిలవడం, ఆగడం, తిరిగి రావడంలోనే ఉన్నాయి.

ఎవరిని పిలవాలో దానికి ఎలా తెలుస్తుంది? మొదట గిట్ ఎడిటర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉందా అని చూస్తుంది. లేకపోతే కాన్ఫిగ్‌లో కోర్ డాట్ ఎడిటర్ అని మనం ఏదైనా పెట్టామా అని. అదీ లేకపోతే విజువల్ అనే వేరియబుల్, తరవాత ఎడిటర్ అనే వేరియబుల్. ఏదీ లేకపోతే తనలో ముందే రాసిపెట్టి ఉన్న పేరు. మామూలుగా అది వీఐ.

విజువల్, ఎడిటర్ అని రెండెందుకు? దీని వెనక నాకు ఎంతో నచ్చే చరిత్ర ఒకటి ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ‘ఈడీ’ అనే ఎడిటర్ రాసిన రోజుల్లో చాలామంది ముందు తెర అనేదే లేదు, టెలిటైప్ ఉండేది. కొట్టింది కాగితం మీద అచ్చయ్యేది. ఫైలు మొత్తం కళ్ల ముందు పరుచుకునే వీలు లేదు, ఒక్కో వరుసనీ అడిగి అచ్చు వేయించుకుని దిద్దాలి. తరవాత తెరలు వచ్చాయి. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాశారు. దానితో కర్సర్‌ని పేజీ అంతా తిప్పుతూ దిద్దే వీలు కలిగింది. ఒకే మనిషి ఒక రోజు తెర ముందు, ఇంకో రోజు టెలిటైప్ ముందు కూర్చునేవాడు. అందుకే రెండు పేర్లు. తెర ఉంటే విజువల్‌లో ఉన్నదాన్ని తెరువు, లేకపోతే ఎడిటర్‌లో ఉన్నదాన్ని.

అర్ధశతాబ్దం గడిచినా గిట్ ఆ తేడా పాటిస్తూనే ఉంది. టెర్మినల్‌కి కర్సర్‌ని తిప్పే శక్తి లేదనుకుంటే విజువల్ జోలికి పోదు. ఎడిటర్ వేరియబుల్‌లో కూడా ఏమీ లేకపోతే ‘టెర్మినల్ ఈజ్ డంబ్, బట్ ఎడిటర్ అన్‌సెట్’ అని ఆగిపోతుంది. డంబ్ అన్న మాట చూసి కొంతమంది చిన్నబుచ్చుకుంటారు. అది మన మీద విసిరిన మాట కాదు, కర్సర్‌ని కదిలించలేని టెర్మినల్‌కి పాతకాలం నుంచీ ఉన్న పేరు.

మా అమ్మాయి సంగతికి వస్తాను. ఆమె పని చేస్తున్నది డాకర్ కంటెయినర్‌లో. అంటే కంప్యూటర్ లోపల అవసరమైన సరంజామా మాత్రమే పెట్టి కట్టిన చిన్న పెట్టె లాంటిది. అది డెబియన్ లైనక్స్ మీద కట్టినది. డెబియన్ వాళ్లు తమ గిట్‌లో వీఐ అని కాకుండా ‘ఎడిటర్’ అనే పేరు రాసి పెట్టారు. మామూలు డెబియన్ మెషీన్లో ఆ పేరు నానో అనే ఎడిటర్ దగ్గరికో విమ్ అనే ఎడిటర్ దగ్గరికో దారి చూపిస్తుంది. కంటెయినర్ తేలిగ్గా ఉండాలని వాటిలో ఒక్కటీ పెట్టరు. పేరు ఉంది, ఆ పేరున్న ప్రోగ్రాం లేదు. లైనక్స్‌లో ఒక ప్రోగ్రాం దొరక్కపోయినా, మనం తెరవబోయిన ఫైలు దొరక్కపోయినా వచ్చే జవాబు ఒకటే, ‘నో సచ్ ఫైల్’. ఎందుకంటే లైనక్స్ దృష్టిలో ప్రోగ్రాం కూడా ఒక ఫైలే. లోపలి సంగతులు తెలిసినవాడికి తేడా తెలుస్తుంది, రాత్రి పదకొండింటికి ఒంటరిగా కూర్చున్న కొత్త ఉద్యోగికి తెలియదు. ఆ వాక్యం ఇంకొంచెం దయగా ఉండాల్సింది అని నేను నిజంగా అనుకుంటాను.

“ఇప్పుడేం చేయను? అందరూ హైఫన్ ఎమ్ పెట్టి ‘ఫిక్స్’ అని కొట్టేయమంటున్నారు” అంది.

“నువ్వు మార్చిందేమిటి?”

ఐదు నిమిషాలు చెప్పింది. సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా ఇక్కడ తారీఖు మారిపోయినా సర్వర్‌కి ఇంకా నిన్నే. ఆ వేళలో వచ్చిన ఆర్డర్లన్నీ ముందు రోజు లెక్కలో పడుతున్నాయి. ఆమె రెండు రోజులు వెతికి అది పట్టుకుంది. ఐదున్నర గంటలు కలిపే ఒక్క వరుస చేర్చింది.

“ఇంత కథని ‘ఫిక్స్’ అనే ఒక్క మాటలో పాతిపెడతావా?” అన్నాను. నాకు నిజంగానే బాధ వేసింది. ఎడిటర్ తెరుచుకోకపోవడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే. పని ఆగేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల చికాకులో మనిషి, ఆదేశం పక్కనే మెసేజ్ కొట్టే హైఫన్ ఎమ్‌కి అలవాటు పడతాడు. ఆ ఒక్క వరుసలో కారణాలు రాయాలనిపించదు, ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’, ‘ఫైనల్ చేంజెస్’ రాస్తాడు. కొన్నేళ్లకి ఆ ప్రాజెక్టు చిట్టా నిండా అంకెలే ఉంటాయి, పద్దులు ఉండవు.

హైఫన్ ఎఫ్‌ని ఎవరూ పట్టించుకోరు. మెసేజ్ ఒక ఫైల్లో ఉంది, అక్కడి నుంచి తీసుకో అని దాని అర్థం. ఆ ఎఫ్ పక్కన ఫైలు పేరు బదులు ఇంకో వట్టి హైఫన్ పెడితే, కీబోర్డు మీద కొట్టిందే తీసుకుంటుంది. ఎడిటర్ అక్కర్లేదు. ‘స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి మెసేజ్ చదువుతున్నాను’ అని చెప్పి ఊరుకుంటుంది. మొదటి వరుసలో ముఖ్య విషయం, ఒక ఖాళీ వరుస, ఆ కింద ఎన్ని వరుసలైనా. అయిపోయాక కొత్త వరుసలో కంట్రోల్ నొక్కి డి. అంతే. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను, ఆమె టకటకా కొట్టడం వినిపిస్తోంది. ఆరు వరుసలు రాసింది.

మర్నాడు ఆ కంటెయినర్‌లో నానో పెట్టించుకుంది. గిట్ కాన్ఫిగ్ హైఫన్ హైఫన్ గ్లోబల్ కోర్ డాట్ ఎడిటర్ నానో అని ఒకసారి కొట్టింది. గిట్ వార్ గిట్ అండర్‌స్కోర్ ఎడిటర్ అని అడిగితే, తాను ఎవరిని పిలవబోతోందో గిట్టే చెబుతుంది. కొత్త మెషీన్ ముందు కూర్చున్న ప్రతిసారీ నేను ఈ ఒక్క మాట అడిగాకే పని మొదలుపెడతాను.

పిలిస్తే పలకకపోవడం ఒక రకం. మరీ తొందరగా పలికి వెళ్లిపోవడం ఇంకో రకం, అది ఇంకా తికమక పెడుతుంది. వీఎస్ కోడ్ వాడేవాళ్లు కోర్ డాట్ ఎడిటర్‌కి వట్టి ‘కోడ్’ అని పెడతారు. కమిట్ కొట్టగానే కిటికీ చక్కగా తెరుచుకుంటుంది. వీళ్లు రాయడం మొదలుపెట్టేలోపే వెనక టెర్మినల్‌లో ‘మెసేజ్ ఖాళీగా ఉంది, కమిట్ మానేస్తున్నాను’ అని కనిపిస్తుంది. నేను ఇంకా రాస్తున్నానే, ఖాళీ అంటుందేమిటి అని అయోమయం. జరిగిందేమిటంటే, ‘కోడ్’ అనే ఆదేశం కిటికీ తెరవమని చెప్పి తాను వెంటనే ముగిసిపోతుంది. గిట్ ఎదురుచూస్తున్నది ఆ ఆదేశం కోసం, కిటికీ కోసం కాదు. అది ముగిసింది కనుక రాయడం అయిపోయిందనుకుని ఫైలు చదివితే ఏమీ లేదు.

మూసేదాకా ఆగు అని ఎడిటర్‌కి చెప్పాలి. వీఎస్ కోడ్‌కి ‘కోడ్’ పక్కన హైఫన్ హైఫన్ వెయిట్. సబ్‌లైమ్‌కి హైఫన్ డబ్ల్యూ. జీవిమ్‌కి హైఫన్ ఎఫ్. ఆ ఆదేశం మొత్తాన్నీ కొటేషన్ల మధ్య పెట్టాలి. 2018 నుంచి గిట్ కూడా ఎడిటర్ తెరిచినప్పుడు ‘మీ ఎడిటర్ ఫైలు మూసేదాకా ఎదురుచూస్తున్నాను’ అని ఒక వరుస చూపిస్తోంది. అంతకుముందు వెనకెక్కడో కిటికీ తెరుచుకుంటే, టెర్మినల్ బిగుసుకుపోయిందని కంట్రోల్ సి నొక్కి చంపేసేవాళ్లు. ఆ చిన్న వాక్యం చేర్చినవాళ్లకి నేను కృతజ్ఞుణ్ని.

విండోస్‌లో చిక్కు వేరు. ప్రోగ్రాములు ఉండే ఫోల్డర్ పేరు ‘ప్రోగ్రాం ఫైల్స్’, మధ్యలో ఖాళీ. గిట్ ఎడిటర్‌ని షెల్ ద్వారా, అంటే ఆదేశాలు చదివి నడిపే ప్రోగ్రాం ద్వారా నడుపుతుంది, షెల్‌కి ఖాళీ కనిపిస్తే అక్కడితో పేరు అయిపోయినట్టే. ‘సి కోలన్ ప్రోగ్రాం’ అనేదాన్ని వెతికి, లేదంటుంది. దారి మొత్తాన్నీ సింగిల్ కొటేషన్లలో పెట్టి, దాని చుట్టూ మళ్లీ డబుల్ కొటేషన్లు పెడితే సరిపోతుంది. అసలు గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఏ ఎడిటర్ కావాలని అడుగుతుంది. చాలామంది చదవకుండా నెక్స్ట్ నొక్కుతారు, విమ్ వస్తుంది. అందులోంచి బయటకు రావడానికి ఎస్కేప్ నొక్కి, కోలన్ డబ్ల్యూ క్యూ కొట్టి ఎంటర్. కాగితం మీద రాసుకోండి, ఎప్పుడో ఒకప్పుడు కావాలి.

ఇక చివరి రకం, తిరిగి వచ్చేటప్పుడు చెడడం. ఏ ప్రోగ్రామైనా ముగిసేటప్పుడు ఒక అంకె చెప్పి వెళుతుంది. సున్నా అంటే అంతా సవ్యం, ఇంకేదైనా అయితే ఏదో తేడా. మ్యాక్ వాడే మిత్రులు కొందరు మెసేజ్ అంతా శ్రద్ధగా రాసి, సేవ్ చేసి బయటికి వస్తే ‘వీఐ ఎడిటర్‌తో సమస్య వచ్చింది’ అని గిట్ కమిట్‌ని ఆపేసేది. తీరా చూస్తే, మధ్యలో ఒకసారి చిన్న డబ్ల్యూ బదులు పెద్ద డబ్ల్యూ కొట్టారు. అది లేని ఆదేశం. అక్కడ వీఐ పేరుతో నడిచే విమ్ పాత నియమం ప్రకారం, ఒక్క ఆదేశం తప్పినా చివర్లో సున్నా కాని అంకె చెబుతుంది. కోర్ డాట్ ఎడిటర్‌గా వీఐ బదులు విమ్ అని పెట్టుకుంటే ఆ బెడద పోతుంది. సున్నా కాని అంకె చెప్పి ముగిసే ఈ పద్ధతిని కావాలని కూడా వాడుకోవచ్చు. మెసేజ్ రాస్తూ ఉండగా ఈ కమిట్ వద్దనిపిస్తే, విమ్‌లో కోలన్ సి క్యూ కొట్టండి. తేడాగా ముగిశానని చెప్పి వెళుతుంది, గిట్ ఆగిపోతుంది.

మరి శ్రద్ధగా రాసిన ఆ మెసేజ్ పోయినట్టేనా? పోలేదు. ఇది గట్టిగా చెప్పాలని ఉంది. డాట్ గిట్ ఫోల్డర్లోని కమిట్ ఎడిట్‌మెసేజ్ ఫైల్లో మీరు సేవ్ చేసినదంతా అలాగే ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త, తొందరపడి మళ్లీ వట్టి గిట్ కమిట్ కొట్టకండి. కొడితే ఆ ఫైలు మీదే కొత్తది రాసేస్తుంది. ముందు దాన్ని వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ కాపీని హైఫన్ ఇ, హైఫన్ ఎఫ్ రెండూ పెట్టి ఇస్తే, మీ మాటలు ఎడిటర్‌లో మళ్లీ తెరుచుకుంటాయి. ఈ శ్రద్ధ గిట్ ఒక్కదానిదే కాదు. సబ్‌వెర్షన్‌లో కమిట్ విఫలమైతే మెసేజ్ ఎస్‌వీఎన్ కమిట్ డాట్ టీఎంపీ అనే ఫైల్లో మిగులుతుంది. మెర్క్యూరియల్‌లో లాస్ట్ మెసేజ్ డాట్ టీఎక్స్‌టీలో. మనిషి రాసినదాన్ని పారేయకూడదని అన్నిచోట్లా ఎవరో ఒకరు ఆలోచించారు.

మెర్జ్ మధ్యలో, అంటే వేర్వేరుగా చేసిన మార్పుల్ని కలిపేటప్పుడు, ఎడిటర్ విఫలమైతే భయం ఇంకా ఎక్కువ. 2012 నుంచి గిట్ మెర్జ్‌కి కూడా ఎడిటర్ తెరుస్తోంది. అది తెరుచుకోకపోతే ‘మెర్జ్‌ని కమిట్ చేయడం లేదు, పూర్తి చేయడానికి గిట్ కమిట్ వాడండి’ అంటుంది. కలపడం అయిపోయింది, మెసేజ్ ఒక్కటే మిగిలింది అని దాని భావం. ఆ వాక్యం చదవకుండా ఫోల్డర్ మొత్తం తుడిచేసి మళ్లీ క్లోన్ చేసుకున్నవాళ్లని చూశాను. గంటల తరబడి కాన్‌ఫ్లిక్ట్‌లు సరిచేసిన పని దానితో పాటే పోతుంది. గిట్ స్టేటస్ అని ఒక్కసారి అడిగితే ఎక్కడున్నామో చెబుతుంది. రీబేస్‌లో ఆగినా అంతే. కంటిన్యూ ఉంది, అబార్ట్ ఉంది. తుడిచేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికి వచ్చింది. పిండివంటల హడావిడి సద్దుమణిగాక నా పక్కన కూర్చుని ఒక సంగతి చెప్పింది. వాళ్ల టీంలో సీనియర్ ఒకాయన పాత కోడ్ శుభ్రం చేస్తూ ఆ ఐదున్నర గంటలు కలిపే వరుస దగ్గర ఆగాడట. ఇదెవరో అనవసరంగా చేర్చినట్టున్నారు, తీసేద్దాం అనుకున్నాడట. తీసేముందు అలవాటుగా, ఏ వరుస ఏ కమిట్‌లో వచ్చిందో చూపే గిట్ బ్లేమ్ పెట్టి, ఆ కమిట్ మెసేజ్ తెరిచి చూస్తే ఆ రాత్రి కంట్రోల్ డితో ముగించిన ఆరు వరుసలు కనిపించాయి. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా వచ్చే ఆర్డర్ల సంగతి, యూటీసీ సంగతి, ఈ వరుస తీస్తే ఏ లెక్క తప్పుతుందో, అన్నీ అందులో ఉన్నాయి.

“చదివి ఏం చేశాడమ్మా?” అని అడిగాను.

“ఏమీ చేయలేదు బాబాయ్. ఆ వరుసని అలాగే ఉంచి, ఫైలు మూసేశాడు” అంది.